విజ్ఞానకల్పితచిత్రములయందు వ్యంజనావ్యాపారము

చలనచిత్రమునకు వాక్కు పుట్టుకతో వచ్చినది కాదు. 1895వ సంవత్సరమునఁ బారిసు నగరమందు లూమియేరు సోదరులు రుసుము గైకొని ప్రేక్షకులకుఁ దమ చిత్రములను జూపిన నాఁటినుండి ముప్పదియేండ్లకుఁ బైగా నది మూగకళయై యుండెను. అయినను నా కాలమునందే యది కథలు చెప్పెను, నవ్వించెను, ఏడ్పించెను, చంద్రలోకమునకుఁ బోయి మరలి వచ్చెను. శబ్దము లేనిచోట నర్థబోధ మెట్లు గలిగినది? పదమునకు శక్తి సంకేతమూలక మని శాస్త్రకారు లందురు. తెరపైఁ గనఁబడు గుఱ్ఱము గుఱ్ఱమే. దానిని గుర్తించుటకు సంకేతముతోఁ బనిలేదు. కాని రౌతులేని గుఱ్ఱము నొకదానిని జూపి, వెంటనే వాకిట నిలుచున్న యొక స్త్రీ మొగమును జూపినచో, రౌతు మరణించె నను నర్థము చూపఱకు స్ఫురించును. ఈ యర్థము గుఱ్ఱములో లేదు; ఆ మొగములోను లేదు. ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు వాక్యార్థమునకుఁ గారణము లని చెప్పుదురు గదా. ఆ మూఁడే యిచ్చటను బనిచేసినవి. చిత్రఖండముల నేర్చి కూర్చు సంకలన మనునది యీ సన్నిధిని గల్పించు వ్యాపారమే.

విజ్ఞానకల్పితచిత్రముల విషయమున నీ విచారము మఱింత యావశ్యక మగుటకు వేఱొక కారణము గలదు. శశవిషాణ మను మాటఁ బలుకుటకుఁ గొమ్మున్న కుందేలు లోకమునందుండ నక్కఱలేదు. వస్తువు లేకున్నను శబ్దము జ్ఞానమును గలిగించును. ఛాయాగ్రహణయంత్రమున కట్టి స్వాతంత్ర్యము లేదు. దాని యెదుట నేది నిలిచియున్నదో దానినే యది గ్రహించును. కవి తన నాయకుఁడు చంద్రునిపైఁ గాలిడె నని యొక్క వాక్యముతోఁ దేల్చివేయవచ్చును. చిత్రకర్త యా చంద్రుని గొయ్యతోనో గుడ్డతోనో యద్దముతోనో కట్టి నిలుపవలెను. అనఁగాఁ గుందేటికిఁ గొమ్ము నిజముగా నతికింపవలెను. కావున నిచ్చట యుక్తి యనునది కావ్యమున కలంకారమువలెఁ బైనుండి వచ్చినది కాదు; అర్థమున కదియే యాశ్రయము. అయిన నా యుక్తి లేనిదానిని జూపుటతోనే తృప్తిపడునా, చెప్పనిదానిని గూడఁ దోఁపింపఁగలదా యనునదియే విచార్యాంశము. 1902 మొదలు 1972 వఱకుఁ గల డెబ్బదియేండ్లలో వెలువడిన కొన్ని చిత్రములను బరిశీలించినచో నీ యంశము తేటపడును.

ఫ్రాన్సుదేశీయుఁడగు జార్జి మెలియేసు మొదట నైంద్రజాలికుఁడు. పారిసుచెంత మోంత్రోయియం దద్దపుఁ గప్పుగల స్టూడియోను గట్టించి, యందు 1902లోఁ జంద్రలోకయాత్ర యను చిత్రమును నిర్మించెను. ఆఱుగురు ఖగోళపండితు లొక ఫిరంగిగుండులోఁ గూర్చుండి చంద్రునిపైఁ బడుదురు. గుండు చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనును. అందలి లోకవాసులను గొడుగుతోఁ గొట్టినంతనే వారు పొగయై పోవుదురు. ఇందలి యుక్తి మిక్కిలి సులభము. కెమేరాను నిలిపి, నటునిఁ దొలఁగించి, యాతఁడున్న చోటఁ బొగను బుట్టించి, కెమేరాను మరలఁ ద్రిప్పుటయే. వైయాకరణునకు స్థాన్యాదేశములు స్మృతికి రాక మానవు. స్థాని నిలిచిన చోటికే యాదేశము వచ్చి కూర్చుండుచున్నది. నడుమ నెడము లేదు. అయితే మెలియేసు చిత్రమున సర్వమును వాచ్యమే. చంద్రునకుఁ గన్నులు, ముక్కు, నోరు గలవు. కొండలు గుడ్డపై వ్రాసినవని యెవ్వరికైనఁ దెలియును. దాఁపఱికము చిత్రకర్త యుద్దేశము గాదు. చూచువాఁ డిది యెట్లు చేసె నని విస్తుపోవలెను. ఆ విస్మయమే ఫలము. దీనిని బాలక్రీడ యని త్రోసిపుచ్చువారు గలరు గాని యది పాడిగాదు. అద్భుతమునకు విస్మయము స్థాయిభావము. మెలియేసు దానిని గడువెలితి లేకుండఁ బోషించెను. చేతితో రంగులు పూసిన దీని ప్రతి యొకటి 1993లో బార్సిలోనాయందు దొరకెను. శిథిలమైన దానిని బాగుచేసి 2011లో మరలఁ బ్రదర్శించిరి.

జర్మనీయందు ఫ్రిట్జి లాంగు నిర్మించిన మెట్రోపొలిసు చిత్రము 1927 జనవరి 10వ తేదీని బెర్లినులోఁ దొలుతఁ బ్రదర్శింపఁబడెను. ధనికులు మేడలపైనను గార్మికులు భూగర్భమునందును నివసించు భావినగర మిందు వర్ణితము. కథను గూర్చినది థేయా ఫాన్ హార్బూ. ఆ నగరమును నిజముగాఁ గట్టుట యే ధనికునకును శక్యము గాదు. యూజెను షుఫ్తాను అను ఛాయాగ్రాహకుఁ డొక యుపాయమును గల్పించెను. కెమేరా ముందఱ నలువదియైదు డిగ్రీల వాలున నద్దము నొకదానిని నిలుపుదురు. ప్రక్కనుంచిన చిన్న మేడబొమ్మ యం దద్దములోఁ బ్రతిబింబించును. నటులు కనఁబడవలసిన తావునకు సరిగా నద్దపు వెండిపూఁతను గీఁకి తీసివేయుదురు. ఆ తెఱపిలోనుండి దూరమున నిలిచిన నటులు కనఁబడుదురు. బొమ్మమేడయు బ్రదికిన మనుష్యులు నొకే ఫిలిముపైఁ గలసి, మేడ మహాసౌధమగును, మనుష్యులు చీమలగుదురు.

ఈ చీమ లగుటయందే విశేషమున్నది. ధనవ్యయమును దగ్గించుటకై కల్పించిన యుపాయము కథాసారమును దానే చెప్పుచున్నది. పని మాఱు వేళఁ గార్మికులు రెండు వరుసలై నడచు ఘట్టమును జూడుఁడు. అందఱకు నొకే నల్లనియుడుపు, వంగిన తలలు. లోనికిఁ బోవు వరుస యొక నడక. వెలికి వచ్చు వరుస యంతకంటెఁ దడఁబడు మందపునడక. ఆ పదిగంటలలో వారేమైరో చెప్పు వాక్యము లేదు. రెండు నడకల భేదమే చెప్పినది. గడియారమువంటి చక్రమున ముండ్లను ద్రిప్పుచు నొకఁడు చేతులు చాఁచి నిలుచుట, యంత్రము ప్రేలినపుడు మెట్లవరుస నోరుగాఁ దెఱచికొని మనుష్యులను మ్రింగు భూతమగుట యిట్టివే. కాని చిత్రాంతమున నక్షరములతో నొక యుపదేశము వ్రాసి చూపిరి: శిరస్సునకును హస్తములకును నడుమ హృదయము మధ్యవర్తి కావలెనఁట. అంతవఱకు రెండుగంటలకుఁ బైగాఁ గన్నులు చూచినదాని నీ యొక్క వాక్య మోపఁజాలదు. ఇచ్చట వాచ్యము దుర్బలము, వ్యంగ్యము ప్రబలము. లాంగునకే తరువాతికాలమున నా యుపదేశము రుచింపలేదు. కొందఱు ప్రయోక్తలు చిత్రమును గోసి కుదించినందునఁ బెక్కుభాగములు లుప్తములై, 2008లో బ్యూనస్ ఐరిసు నగరమున నొక ప్రతి కానవచ్చుదాఁక దొరకకుండెను.

అదే లాంగు 1929లోఁ జంద్రలోకమునకుఁ బోవు స్త్రీని గూర్చి యింకొక చిత్రమును దీసెను. రాకెట్టుశాస్త్రజ్ఞుఁడగు హెర్మన్ ఒబెర్తు దానికి సలహాదారు. అందు వ్యోమనౌక యెగురుటకు ముందు సంఖ్యలను వెనుకకు లెక్కించి, మూగచిత్ర మగుటచే నా యంకెలను దెరపై వ్రాసి చూపిరి. ముందునకు లెక్కించినచో నెచ్చట నిలుచునో తెలియదు. వెనుకకు లెక్కించినచో శూన్య మొక్కటియే గమ్యము. ఆకాంక్షను బుట్టించుట కింతకంటెఁ జక్కని సాధనము దుర్లభము.

ఇఁక స్టాన్లీ కూబ్రిక్కు నిర్మించిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' యను చిత్రమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఆర్థరు క్లార్కు దీని రచనయందు సహకర్త. 1968 ఏప్రిలు 2వ తేదీని వాషింగ్టను నగరమున నిది తొలుతఁ బ్రదర్శితమయ్యెను. మొదట దీనికి వ్యాఖ్యానరూపమైన మాటలు వ్రాసిరి. శాస్త్రజ్ఞుల సంభాషణలను బీఠికగాఁ జేర్పఁదలఁచి వానిని జిత్రీకరించిరి. కూబ్రిక్కు ఆ రెంటిని బరిహరించెను. ప్రదర్శన మారంభమైన కొలఁది దినములకే మఱి పందొమ్మిది నిమిషముల భాగమును దీసివేసెను. తుదకు మిగిలిన చిత్రమున మొదటి యిరువదియైదు నిమిషములలో నొక్క మాటయు లేదు. చివరి యిరువది నిమిషములకుఁ బైగాను లేదు. అర్థము గాలేదని పలువు రాక్షేపించిరి. సగములోనే లేచిపోయినవారు నుండిరి. అదే సంవత్సరమునఁ గొన్ని నెలలకు వెలువడిన క్లార్కు నవలయందు మాత్ర మన్నియు విప్పి చెప్పఁబడినవి. నవలలో నున్న యర్థమును జిత్రకర్త యేల దాఁచెను? అది దోషమా, గుణమా?

సూర్యుఁ డస్తమించె నను వాక్యమును మన యాలంకారికు లుదాహరింతురు. విన్నవాఁడు బ్రహ్మచారి యైనచో సంధ్యకు వేళయయ్యె ననుకొనును. గొల్లవాఁ డైనచో నావులను దోలుకొనిపోవలయు ననుకొనును. చెప్పినవాఁ డా వెనుక 'అనఁగా సంధ్య వార్పుము' అని చేర్చినచోఁ దక్కిన యర్థములన్నియుఁ జచ్చును. కూబ్రిక్కు వ్యాఖ్యానమును దీసివేయుట యిట్టిదే. అయితే వ్యంగ్య మనఁగా నిరాధారమైన యూహ గాదు. ఒక పదమునకుఁ బెక్కర్థము లున్నపు డేది గ్రాహ్యమో నిర్ణయించుటకు సంయోగ విప్రయోగ సాహచర్యాదులను భర్తృహరి వాక్యపదీయమునఁ బరిగణించెను. అట్టి నియామకము లీ చిత్రమునం దున్నవా లేవా యని చూచియే తీర్పు చెప్పవలెను గాని యూరక దుర్బోధ మనుట తగదు.

చిత్రాదిని వానరప్రాయులగు పూర్వమానవులలో నొకఁ డెముక నెత్తి కొట్టుట నేర్చును. దానితో జంతువును జంపును, పిదప సజాతీయునిఁ జంపును. జయోత్సాహమున నా యెముకను బైకి విసరును. అది గిఱగిఱఁ దిరుగుచు దిగుచుండఁగా నొక్కసారి దృశ్యము మాఱి యాకాశమునఁ దేలు నుపగ్రహము కనఁబడును. ఈ రెంటినడుమఁ గొన్ని లక్షల సంవత్సరములు లోపించినవి. ఆ లోపము నధ్యాహారముచేఁ జూపఱే పూరించుకొందురు. ఆకారసాదృశ్యము, గమనసాదృశ్యము, సన్నిధి యను మూఁడు నిచ్చట నియామకములు. అంతకు ముందే యెముక యాయుధ మని చూపియున్నందున సాహచర్యముచేత నుపగ్రహమునకు నా ఛాయ సోఁకును. నిజమునకుఁ దొలిరచనలో నా యుపగ్రహము లణ్వాయుధములను మోయునవియే. ఆ మాట చిత్రమున నెచ్చటను జెప్పఁబడలేదు. చెప్పకపోవుట లోపము గాదు. ఎముకను జూచినవాని కది తెలిసియే యున్నది.

ఈ పూర్వమానవుల ఘట్టమంతయు నింగ్లండులోని స్టూడియోలోపలఁ దీసినదే యనుట యాశ్చర్యకరము. నమీబియాదేశపు టెడారులను ఛాయాచిత్రములుగాఁ దెచ్చి నటుల వెనుక పెద్దతెరపైఁ బ్రసరింపఁజేసిరి. కెమేరాకు ముందు సగము వెండిపూఁత గల యద్దమును వాలుగా నిలిపి, ప్రక్కనుండి ప్రొజెక్టరు కాంతిని దానిపైఁ బడనిత్తురు. తెరకుఁ బూసిన సూక్ష్మమైన గాజుపూసలు కాంతిని వచ్చిన దారినే త్రిప్పిపంపును గాన వెనుకటి దృశ్యము మిక్కిలి ప్రకాశవంతమగును. నటుల దేహములపై నా బొమ్మ కనఁబడదు. షుఫ్తాను వెండిని గీఁకిన వాలుటద్దమే నలువదియొక్క యేండ్లకు వేఱొక వేషమున మరల వచ్చినదనవచ్చును. ఇందొక యదృచ్ఛ గలదు. మృతజంతువుకడఁ గూర్చున్న చిఱుతపులి కన్నులు గాజుపూసలవలెనే కాంతిని త్రిప్పికొట్టి నిప్పులవలె మెఱసినవి. ఎవ్వరును గోరినది గాదు. అయినఁ జీఁకటికి వెఱచి గుహలో నొదిఁగిన యా ప్రాణుల భయమంతయు నా రెండు కన్నులలోఁ గుదిరినది.

చిత్రమున నడుగడుగునఁ గానవచ్చు నల్లని శిలాఫలకమును మొదటఁ బారదర్శకమైన ప్లాస్టికుతోఁ బోఁతపోయించిరి. అది కూబ్రిక్కునకు నచ్చలేదు, నల్లనిది చేయించెను. పరలోకప్రాణుల రూపములను గూడఁ బలువిధములఁ బ్రయత్నించి విడిచిపెట్టెను. ఈ రెండు త్యాగములకును మూల మొకటియే. రూపమిచ్చిన ప్రాణి యెంత వింతదైనను నేదో యొక జంతువును బోలియే తీఱును. నల్లని ఫలకమునకు సాదృశ్యము లేదు, విశేషణము లేదు. దానియెదుట వినఁబడునది లిగెటీ రచించిన బహుకంఠగానము. అందు గ్రీకు పదములుండియుఁ గంఠములు పెనఁగొనుటచే నొక్క పదమైనఁ జెవికి విడివడదు. నాదము గలదు, పదము లేదు. అర్థము గల శబ్దమే యిట్లు నిరర్థకధ్వనిగా మాఱి, చూపుచున్నది వాగగోచర మను భావమును గలిగించును. ఈ చిత్రమునకై అలెక్స్ నార్తు అను సంగీతకర్త ప్రత్యేకముగా రచించి వాయింపించిన సంగీతమును బూర్తిగా వదలి, కూబ్రిక్కు పూర్వులు రచించినవానినే వాడెను. తన రచన లేదని నార్తునకుఁ బ్రదర్శనమందుఁ గూర్చున్న పిదపఁ గాని తెలియలేదు. కళ కెంత మేలు జరిగినను మనుష్యునిపట్ల నిది యన్యాయమే.

శబ్ద మాకాశగుణ మని తార్కికుల సిద్ధాంతము. వాయ్వాదిద్రవ్యములు లేనిచోట శబ్దము ప్రసరింప దని నేఁటి భౌతికశాస్త్రము. సాధారణముగాఁ జిత్రకర్తలు తెలిసియో తెలియకయో తార్కికుల పక్షమే వహించి, శూన్యమునఁ బోవు నౌకలకు గర్జనములు సమకూర్తురు. కూబ్రిక్కు రెండవ పక్షమువాఁడు. వ్యోమనౌక వెలుపల నుండు దృశ్యములలో సంగీతమైనను వినఁబడును, తొడుగులోని మనుష్యుని యూపిరియైనను వినఁబడును, లేదా యేమియు వినఁబడదు. బౌమన్ అను నాయకుఁడు శిరస్త్రాణము లేకయే ప్రేలుడుతో నౌకలోనికి దూఁకు ఘట్టమున నెట్టిధ్వనియు లేదు. తలుపు మూసికొని గాలి నిండఁగానే హోరు పుట్టును. శాస్త్రనియమమును బాటించుటయే యిచ్చట రసమునకుఁ గారణమయ్యెను. ఊపిరి యొక్కటే వినఁబడుచుండఁగాఁ జూచువాఁడు తన యూపిరినే వినుచున్నట్లుండును. అది యాఁగినపుడు మరణ మని వేఱుగాఁ జెప్పనేల?

ఆ నౌకను నడపు హాల్ అను కంప్యూటరునకు దేహము లేదు. ఎఱ్ఱని కన్నొకటియు, డగ్లసు రెయిను అను కెనడాదేశపు నటుఁ డిచ్చిన మృదుకంఠమును మాత్రము గలవు. అది నిద్రావస్థయందున్న మువ్వురు శాస్త్రజ్ఞులను జంపును. అఱపు లేదు, రక్తము లేదు. వారి ప్రాణక్రియలను దెలుపు గీఁతలు తెరపై నెగయుచు దిగుచుండి, క్రమముగాఁ జదునగును. ప్రాణక్రియ లంతరించిన వని యంత్రము వ్రాసి చూపును. చిత్రములలో వర్ణింపఁబడిన వధలలో నింత చల్లనిది మఱొకటి లేదు. పిదప బౌమను హాల్ స్మృతిని మెల్లమెల్లగా నూడఁదీయునపుడు ఎఱ్ఱనివెలుఁగు నిండిన యఱలో నాతని యూపిరియు, వేఁడుకొనుచున్న హాల్ కంఠమును మాత్రమే వినఁబడును. ఆ కంఠము క్రమముగా మందమై, లోఁతై, తుదకుఁ దనకు మొదట నేర్పిన పాటను బాడుచు నాఱిపోవును. అది 1892 నాఁటి యొక వేడుకపాట. బెల్ ప్రయోగశాలలయందుఁ గంప్యూటరు దానినే పాడుట క్లార్కు విని యుండెను. చిత్రమున మనుష్యులు పుట్టినదినమున తలిదండ్రుల మాట విన్నను మొగము కదల్పరు. భయ మని నోరార నన్నది యంత్ర మొక్కటియే. ఎవరు యంత్రము, ఎవరు మనుష్యుఁ డను ప్రశ్నను బాత్రము లడుగవు. కంఠమును మందగింపఁజేసిన యుక్తి యడిగినది.

అయినఁ జిత్రమంతయు నొక్కతీరున నున్న దనరాదు. చివర బౌమను కాంతిమార్గమునఁ బోవు దీర్ఘఘట్టమును డగ్లసు ట్రంబులు అను శిల్పి సన్నని చీలికగుండఁ గాంతిని బోనిచ్చి, కెమేరాను మెల్లఁగాఁ గదల్చి, యొక్కొక్క బొమ్మనే చిరకాలము శ్రమించి తీసెను. శ్రమ శ్లాఘ్యము. కాని యచ్చట నియామకములు సడలినవి. చూచువాఁ డర్థమును వెదకుట మాని, యిది యెట్లు చేసిరో యని విస్తుపోవును. అఱువదియాఱేండ్లు నడచి వచ్చిన కళ యా కొన్ని నిమిషములు మెలియేసు వాకిటనే నిలిచినది.

కూబ్రిక్కు చిత్రము రష్యాదేశపు దర్శకుఁడగు ఆంద్రేయి తార్కోవ్‌స్కీకి రుచింపలేదు. భావికాలపు వస్తుజాలమును జూపు తమకమున జీవము కొఱవడిన దని యాతని మతము. 1972లో నాతఁడు పోలండు రచయిత స్టానిస్లావ్ లెమ్ నవల ననుసరించి సొలారిసు చిత్రమును దీసెను. ఆ పేరుగల గ్రహముపై నున్న సముద్రము బుద్ధి గలది. తన్ను సమీపించినవారి స్మృతులనుండి మనుష్యులను సృజించి వారికడకుఁ బంపును. కెల్విన్ అను నాయకుఁ డచ్చటికిఁ బోవును. చనిపోయిన భార్య యాతనికి మరల దొరకును. మూలకర్తయగు లెమ్ ఈ చిత్రమును మెచ్చలేదు. నవలయందు లేని పుడమిజీవితము నిందుఁ బెంచి చూపుట యాతని కోపమునకు నొక కారణము.

కాని యా పుడమిభాగమునందే తార్కోవ్‌స్కీ నేర్పున్నది. కెల్విన్ వ్యోమయాత్ర తెరపైఁ గొలఁది క్షణములే. నక్షత్రములు, ఆతని కన్నులు, అంతే. అంతకు ముందు మాత్రము వేఱొక పాత్ర కారులోఁ గూర్చుండి నగరమార్గమునఁ బోవు ఘట్టము చాలసేపు సాగును. ఆ మార్గము టోకియో నగరపు వంతెనదారి. పలకలపై జపానుభాషాక్షరములు గూడఁ గనఁబడును, మఱుఁగుపఱచుటకైన యత్నింపలేదు. నమూనా లేదు, అద్దము లేదు. సొరంగములు వచ్చును, పోవును, కారులు పెరుగును, నలుపుతెలుపు చిత్రము నడుమ నడుమ రంగులకు మాఱును, అర్తెమ్యేవ్ కూర్చిన యంత్రధ్వని హెచ్చుచుండును. కొంతసేపటి కది మన మెఱిఁగిన దారి యనుట మఱచిపోయి, యెచ్చటికో యీడ్చుకొనిపోఁబడుచున్నట్లు తోఁచును. ఆకాశయాత్రను జూపవలసినచోఁ జూపక, రోడ్డుయాత్రను దాని స్థానమున నిలిపినాఁడు. ముఖ్యార్థమును విడిచి లక్ష్యార్థమును గ్రహింపు మని చూపఱను నిర్బంధించుట యిది. మెలియేసు లేని చంద్రునిఁ గట్టి చూపెను; తార్కోవ్‌స్కీ యున్న యూరిని లేని లోకముగాఁ జేసెను.

చిత్రారంభమునఁ గెల్విన్ తండ్రి యింటికడ నకస్మాత్తుగా వాన గురియును. ఆతఁడు లోనికిఁ బోక వసారాలో వానలోనే కూర్చుండును. చిత్రాంతమున నాతఁ డదే యింటికి మరలివచ్చి కిటికీలోనుండి చూచును. లోపలఁ దండ్రి పుస్తకముల నడుమ నిలిచియున్నాఁడు. ఈసారి వాన యింటిలోపలఁ గురియుచున్నది. తండ్రి వీఁపుపై నీళ్లుపడి పొగలెగయుచున్నను నాతఁడు గమనింపఁడు. బయట వాన లేదు. మొదటి వానను గుర్తుంచుకొన్నవాని కింతటితోనే యది పుడమి గాదని, యా తండ్రి తండ్రి గాఁడని, సముద్రము జ్ఞాపకమునుండి యిల్లు కట్టి యింటికి వాననుగూడ నమర్చి లోపలికిని వెలుపలికిని గల భేదము నెఱుఁగకపోయె నని తెలియును. తరువాతఁ గెమేరా పైపైకి లేచి, మబ్బులు దాఁటి, యా యిల్లు సొలారిసు సముద్రమున నొక దీవిపై నున్నట్లు చూపును. ఆ పైచూపు పెక్కురచే మెచ్చఁబడినది. అయితే వాన చెప్పినదాని కది యధికముగాఁ జేర్చిన దేమియు లేదు.